గాజుకోటలో రాజుల జత

పడవ ఒడ్డుకు కొట్టుకోగానే రాజకుమారుడు శరభాంకుడు ముందు తన కాళ్ళూ చేతులూ తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. తర్వాత పక్కనే వెల్లకిలా పడి ఉన్న దాసప్ప కాళ్ళూ చేతులూ తడిమాడు. అవీ ఉన్నాయి. వెనక ఉప్పుకయ్యలో, ఆ సముద్రపు పాయలో, సుడిగుండం ఇంకా బుసలు కొడుతూ తిరుగుతూనే ఉంది, నోటికాడి కూడు జారిపోయిందన్న కోపంతో.

"బతికాం దాసప్పా," అన్నాడు శరభాంకుడు.

"బతికాం దొరా. కడుపు నిండా నీళ్ళు తాగాను. ఉప్పగా ఉన్నాయో తియ్యగా ఉన్నాయో అడక్కండి, నాకు తెలీదు."

ఆ మాటలో అబద్ధం లేదు. దాసప్ప ఒకప్పుడు గారడీ మేళం నడిపినవాడు. ఊరూరా తిరుగుతూ ఒకసారి ఈ దీవికి వచ్చి, ఎదురుగా కనిపిస్తున్న ఆ గాజుకోటలో మాంత్రికుడు భేరుండుడితో పేకాడాడు. ఓడిపోయి నాలుక మీది రుచిని పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి పాయసమూ పచ్చిమిరపకాయా అతనికి ఒకటే.

ఇక శరభాంకుడు వచ్చిన పని మరొకటి. నీలధార రాజ్యానికి వారసురాలు అతని అక్క కల్హార. తండ్రి కన్ను మూయగానే పినతండ్రి శూరకర్ణుడు కిరీటం తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. కల్హారను తెచ్చి, గడప దాటకుండా బయటినుంచే ఈ కోట పడమటి గదిలో బందీగా ఉంచమని అప్పజెప్పాడు. ఆమె బతికుండగా ప్రజలు తనకు దణ్ణం పెట్టరని ఇప్పుడు తెలుసుకున్నాడు. ఈ రోజు పొద్దుగూకేలోగా వచ్చి ఆమెను తీసుకుపోయి నడిసముద్రంలో ముంచేయించాలని అతని ఎత్తు. అప్పటికే సూర్యుడు నడినెత్తి దాటాడు.

గాజుకోటను చూసి శరభాంకుడు ఒక్క క్షణం వచ్చిన పని మరిచిపోయాడు. మరిచిపోడా మరి. స్ఫటికకాంతులు చిమ్మే ప్రాకారాలు, పచ్చల ఛాయలో మెరిసే బురుజులు, మధ్యాహ్నపు ఎండను పట్టి ఏడు రంగులుగా విరిచి నేలమీద ముగ్గులు పెడుతున్న గోపురాలు, గాలి తగిలితే గజ్జెల్లా మోగే తోరణాలు! ఆ కోట కాపలాకు ఒక్క భటుడైనా లేడు. అవసరం లేదు. కత్తితో గడప దాటితే కత్తి గాజై, చేతిలోనే పెళుక్కున పగిలిపోతుంది. లోపలున్న ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా బయటికి తేవడానికి ఒకటే దారి: ఆటలో గెలవడం. గడప దాటిన అతిథి కనీసం ఒక్క ఆటైనా ఆడకుండా వెనక్కి పోలేడు. ఇదీ ఆ కోట ఆచారం.

అందుకే శరభాంకుడు కత్తి తేలేదు. సుగంధిశెట్టి అనే అత్తరు వర్తకుడి వేషం కట్టాడు. బొజ్జకు గుడ్డలు చుట్టి, చెవులకు పోగులు పెట్టి, చంకలో అత్తరు బుడ్ల పెట్టె ఇరికించుకున్నాడు. సుడిగుండంలో తడిసి బొజ్జ ఒక పక్కకు జారిపోయింది. దాన్ని సర్దుతూ దాసప్ప తన పాఠం మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఆ ఇంట్లో వంట దగ్గర అతిథి ముందు, ముక్కల దగ్గర ఇంటాయన ముందు. ఆయన రాజుల జత ఏరుకుని, అందరికీ కనపడేట్టు ఎదురుగా పెట్టుకుంటాడు. మనకి మాత్రం కలిపిన కట్టలోంచి రెండు ముక్కలు, వచ్చినవి వచ్చినట్టు. తర్వాత నడుమ మూడు ముక్కలు పరుస్తారు. అది పందిరి. అవి ఇద్దరివీ. ఆపైన ఇంకొక్కటి తిప్పుతారు, దాన్ని ధ్వజం అంటారు. జతని జత కొట్టాలంటే పెద్దదై ఉండాలి. రాజుని మించింది లేదు. మూడు ఒకే తీరువి కలిస్తే మాత్రం ఏ జతనైనా కొడతాయి."

"అంటే మొదటినుంచీ నాది ఓడిపోయే చెయ్యే."

"ఓడిపోయే చెయ్యే దొరా. అది ఒప్పుకున్నోడే ఆ గద్దె ముందు కూర్చోవాలి. ఆయన దగ్గరేముందో ఊరందరికీ తెలుసు. మన దగ్గరేముందో ఆయనకి తెలీదు. మనకున్న ఆస్తి అదొక్కటే. పందిరి పరిచేదాకా చవకలో చూడండి. మీ జతకి మూడోది పందిట్లో దిగిందా, ఉండండి. దిగలేదా, నవ్వుతా ముక్కలు దించేసి ఆ ఆట వదిలెయ్యండి. పరువు చూసుకోకండి."

"మరి పెద్ద జత వస్తే?"

దాసప్ప మొహం ముడుచుకుంది. "అదే చెప్పొచ్చేది. నాకు రాణులు వచ్చాయి. పొంగిపోయాను. రాజుల ముందు రాణులూ ఓడేయే, బంట్లూ ఓడేయే. కాపోతే బంట్లున్నోడు తక్కువ పెట్టి ఓడతాడు, రాణులున్నోడు ఉన్నదంతా పెట్టి ఓడతాడు."

బొజ్జ కుదురుకుంది. ఇద్దరూ గడప దాటారు.

భేరుండుడు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. అతని తలపాగా అంచునుంచి గాజుపూసల ముసుగు వేలాడుతూ పెళ్ళిలో అడ్డుతెరలా మొహాన్ని కప్పేసింది. మాంత్రికుడంటే ఉరుముతాడనుకున్నాడు శరభాంకుడు. ఇతను చూస్తే పిల్లనిచ్చిన మామలా మర్యాద చేస్తున్నాడు.

"దయచేయండి శెట్టిగారూ. కాళ్ళు కడుక్కోండి. ముందు భోజనం."

భోజనం అమృతంలా ఉంది. శరభాంకుడు కడుపారా తిన్నాడు. దాసప్ప కూడా తిన్నాడు గానీ, వడ్డించినదంతా ఒకటే ముద్దగా కలిపి మింగడం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది.

తర్వాత సభామండపం. గోడల నిండా అరలు, అరల నిండా గాజు జాడీలు. ఒకదాంట్లో ఎవరిదో పాట సన్నగా తిరుగుతోంది. ఒకదాంట్లో ఎవరి చూపో మిణుకుమంటోంది. మధ్యలో గద్దె. గద్దె రెండు చేతుల మీదా మణికట్టు దాకా తెగిన రెండు గాజుచేతులు.

"ఇవెవరివండీ?" అన్నాడు శరభాంకుడు.

"నాకు ముందు ఇక్కడ కూర్చున్నాయనవి," అన్నాడు భేరుండుడు గద్దెనెక్కుతూ. "రాజులు చేతిలో ఉండగా దించాడు. ఈ గద్దె మీద ఉన్నవాడు అలా దించకూడదు. చేతులతో మొదలైంది. మిగతా ఆయన తమరు తొక్కి వచ్చిన మెట్లు."

శరభాంకుడు తన పాదాలు దగ్గరగా లాక్కున్నాడు. దాసప్ప నోట్లో ఏదో గొణిగాడు, బహుశా దండకం.

గుండ్రటి లక్కముక్కలు బయటికి వచ్చాయి. అద్దంలా నునుపు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. భేరుండుడు రెండు రాజుల్ని ఏరి ఎదురుగా వెల్లకిలా పెట్టుకున్నాడు. శరభాంకుడు ప్రవేశానికి ఒక అత్తరు బుడ్డి పెట్టాడు. భేరుండుడు దానికి సరిగా ఒక గాజుపువ్వు పెట్టాడు.

మొదటి ఆటలో శరభాంకుడికి పొంతన లేని ముక్కలు వచ్చాయి. పందిరి చూసి దించేశాడు. బుడ్డి పోయింది. రెండో ఆటా అంతే. ఆ తర్వాతదీ అంతే. ప్రతిసారీ "నాకెందుకండీ ఈ పోటీ" అని నసుగుతూ దించేవాడు. దించిన ముక్కలు తిప్పి చూపించడం అక్కడి రివాజు. భేరుండుడు చూసి తల ఊపేవాడు. గోడమీద ఎండ మాత్రం కిందికి జారిపోతూ ఉంది, పెట్టెలో బుడ్లు తరిగిపోతూ ఉన్నాయి.

అప్పుడు వచ్చాయి రాణులు. జతగా.

శరభాంకుడిది రాజరక్తం కదా, పెద్ద ముక్క చూస్తే ఊరుకోదు. పందిట్లో అన్నీ చిన్న బొమ్మలే పడ్డాయి. రాణుల్ని మించింది అక్కడ ఒక్కటీ లేదు. ఈ ఒక్కదానితో అక్కను తెచ్చేసుకోవచ్చు, ఉండు, ఉండు అని ఒళ్ళంతా చెప్పింది. వెనకనుంచి దాసప్ప దగ్గాడు. అది మామూలు దగ్గు కాదు, ఊపిరి పోయేవాడి దగ్గు. శరభాంకుడు ఎదురుగా ఉన్న రాజుల్ని మళ్ళీ చూశాడు. అవి అక్కడే ఉన్నాయి. తన రాణులు ఎంత అందంగా ఉన్నా అవి ఎక్కడికీ పోవు.

"దించుతున్నానండీ," అన్నాడు.

ముక్కలు తిప్పగానే గాజుపూసల వెనక భేరుండుడి ఊపిరి ఆగింది. రాణుల జత దించిన అతిథిని అతను ఇదివరకు చూసి ఉండడు.

"శెట్టిగారు చాలా జాగ్రత్త మనిషి," అన్నాడు మెల్లగా.

పెట్టెలో ఆఖరి బుడ్డి మిగిలింది. ఇది కూడా పోతే, ఆ తర్వాత ప్రవేశానికే ఒంట్లోంచి ఏదో ఒకటి తీసి పెట్టాలి. ఎండ గోడ దిగి నేలమీద పడింది. శరభాంకుడు ముక్కలు ఎత్తి చూశాడు. బంట్లు. కట్టలో అన్నిటికన్నా అడుగువి, ఈటె పట్టుకుని దిగాలుగా నిలబడ్డ రెండు బంట్లు.

భేరుండుడు పందిరి పరిచాడు. మంత్రి. సేనాని. మూడోది బంటు.

శరభాంకుడు ఆవలించాడు. నిద్రొచ్చి కాదు, మొహానికి ఆవలింత తగిలించాడు. గారడీవాడి శిష్యరికం ఊరికే పోలేదు.

"ఇంకాసేపు కూర్చోనా వద్దా," అన్నాడు. "తమరేం పెడతారు?"

"తమరు ఏం కోరితే అది."

"తమ మొలన వేలాడే ఆ పడమటి గది తాళంచెవి అందంగా ఉంది. అది పెట్టండి."

భేరుండుడు మొలలోంచి తాళంచెవి తీశాడు. "దానికి సరితూగేది శెట్టిగారి దగ్గర ఒక్కటే ఉంది. రెండు కళ్ళ చూపు."

దాసప్ప ఈసారి దగ్గలేదు. శరభాంకుడికి ఆ క్షణంలో అక్క మొహం తప్ప ఇంకేం కనపడలేదు. చూపు పోతే ఆ మొహం మళ్ళీ చూడలేడు. పెట్టకపోతే అసలే చూడలేడు.

"పెట్టాను," అన్నాడు.

భేరుండుడి వేళ్ళు వణికాయి. రాణుల్ని దించినవాడు ఇప్పుడు కళ్ళు పెట్టాడంటే అర్థం తెలియనంత పిచ్చివాడు కాదతను. కానీ ఎదురుగా రాజులున్నారు, పక్కన గాజుచేతులున్నాయి. దించడానికి లేదు. ఎంత గట్టి చెయ్యి అయితే అంత గట్టి సంకెల. భేరుండుడు భయపడుతున్నాడు అనుకున్నాడు శరభాంకుడు. మన రాజకుమారుడు మంచివాడే గానీ, మనుషుల్ని చదవడంలో ఇంకా పసివాడు.

ఇక ధ్వజం. కట్టలో ఇంకా రెండు రాజులున్నాయి. ఏ ఒక్కటి తిరిగినా భేరుండుడికి మూడు రాజులు, శరభాంకుడికి చీకటి.

భేరుండుడు ముక్కను తిప్పాడు. అది రాణి.

"హమ్మయ్య" అని పెద్ద నిట్టూర్పు వినపడింది. అది శరభాంకుడి నోటినుంచి రాలేదు. దాసప్ప నోటినుంచీ రాలేదు. గాజుపూసల వెనకనుంచి వచ్చింది.

శరభాంకుడు తన రెండు బంట్లనూ పందిట్లో ఉన్న బంటు పక్కన పెట్టాడు. దిగాలుగా నిలబడ్డ ఆ ముగ్గురూ ఇప్పుడు సైన్యంలా ఉన్నారు. భేరుండుడు వాటిని చూసి, తలపాగా ముసుగుతో సహా తీసేశాడు. లోపల ఒక ముసలి మొహం, చెంపల మీద ధారగా కన్నీళ్ళు.

"నాయనా, నువ్వు చల్లగా ఉండాలి," అంటూ తాళంచెవి చేతిలో పెట్టి, తలపాగా శరభాంకుడి నెత్తిన పెట్టి, గద్దె దిగి పరుగెత్తాడు. ఆ వయసులో అంత పరుగు ఎవరూ చూసి ఉండరు. కాసేపటికి రేవులో తెడ్ల చప్పుడు. వాళ్ళ పడవలోనే పోయాడు.

"దొరా, ఆయన మన పడవ..." అని దాసప్ప మొదలుపెట్టేసరికి శరభాంకుడు పడమటి గది తలుపు తీసేశాడు.

కల్హార కిటికీ దగ్గర నిలబడి ఉంది. చిక్కిపోయింది. తమ్ముణ్ణి, వాడి బొజ్జను, నెత్తిన తలపాగాను పైనుంచి కిందిదాకా చూసింది. "బొజ్జ పక్కకి జారింది రా," అంది. అని వాడి భుజం మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. శరభాంకుడూ ఏడ్చాడు. దాసప్ప అటు తిరిగి అరలన్నీ వెతికి, తన జాడీ పోల్చుకుని మూత తీశాడు. మూతిమీద ఆరిన ఉప్పును నాలుకతో ఒకసారి తడిమాడు. "ఉప్పగా ఉంది దొరా," అన్నాడు.

"పద అక్కా, ఈత కొట్టి అయినా పోదాం," అన్నాడు శరభాంకుడు.

గడప దగ్గర కల్హార సులువుగా దాటింది. దాసప్ప దాటాడు. శరభాంకుడి కాలు మాత్రం గడపమీద పాతుకుపోయింది. లాగాడు. తన్నుకున్నాడు. రాలేదు. వెనక్కి వేస్తే చక్కగా వస్తోంది.

కల్హార వెనక్కి వచ్చి తలపాగాను మళ్ళీ చూసి నుదురు కొట్టుకుంది. "దీన్ని ఎందుకు పెట్టించుకున్నావురా? ఇప్పుడు తీసినా లాభం లేదు. రాజుల్ని ఓడించినవాడే ఇక్కడ ఇంటివాడు. ఇంకొకడు వచ్చి తనను ఓడించేదాకా గడప దాటలేడు. ఆ ముసలాయన రోజూ గోడకి చెప్పుకుని ఏడిస్తే విన్నాను. తనని ఓడించే మొనగాడు పుట్టలేదనే ఏడుపు."

అప్పుడర్థమైంది శరభాంకుడికి, ఆ వణికిన వేళ్ళు భయంతో వణకలేదని.

"నువ్వు కూర్చో, నన్ను ఓడించు," అన్నాడు.

"ఓడిస్తే నేను ఇరుక్కుంటాను. అందుకేనా ఇంత దూరం వచ్చావు?"

దాసప్ప ఇద్దరి మొహాలూ చూసి, "నేనున్నాను కదా," అన్నాడు గానీ, ఇప్పుడే రుచి తెలిసిన ఆ నాలుక ఆ మాటను ఎంత కష్టంగా అందో ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ ఒప్పుకోలేదు.

అంతలో కయ్యమీద శంఖం మోగింది. నీలధార జెండాలతో పెద్ద ఓడ ఒకటి, పడమటి ఎండలో ఎర్రగా, రేవువైపు వస్తోంది. శూరకర్ణుడు.

శరభాంకుడి మొహం పాలిపోయింది. పడవ లేదు, కత్తి లేదు, కాలు కదలదు. అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వూ దాసప్పా రాళ్ళ చాటున దాక్కోండి, చీకటి పడ్డాక..." అంటున్నాడు. చూస్తే ఆమె నవ్వుతోంది.

"బాబాయి పుట్టి బుద్ధెరిగాక ముక్కలు దించాడా?" అంది.

శరభాంకుడు ఆలోచించాడు. పండగపూట పేకాటల్లో గుర్రాలూ తోటలూ పోగొట్టుకుని, చివరికి ఉంగరం తీసి పెట్టిన బాబాయి గుర్తొచ్చాడు. ఏనాడూ దించలేదు. దించడం పిరికితనమని పదిమందిలో అనేవాడు. శరభాంకుడికి అక్క ఎత్తు అర్థమైంది. పూసల ముసుగు మొహం మీదికి లాక్కుని వెళ్ళి గద్దెమీద కూర్చున్నాడు. కల్హార తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. దాసప్ప వంటింటివైపు పోయాడు. ఈసారి ఉప్పు తనే చూసి వేస్తాడట.

శూరకర్ణుడు ఓడ దిగాడు. కత్తులు పనికిరావని తెలుసు గనక భటుల్ని రేవులోనే ఉంచి, ఒంటరిగా గడప దాటాడు.

"భేరుండా, పిల్లను బయటికి తీసుకురా."

"ముందు భోజనం చెయ్యండి మహారాజా," అన్నాడు శరభాంకుడు గొంతు లోతుగా పెట్టి. "తర్వాత ఒక్క ఆట. ఆచారం తమకు తెలియంది కాదు."

"తెలుసు. నీ రాజుల సంగతీ తెలుసు. అందరూ నీ రాజుల్ని చూసి జడుసుకుంటారు. నేను జడవను."

భోజనం అయింది. బాగుందన్నాడు శూరకర్ణుడు, ఇంకోసారి పులుసు వడ్డించుకున్నాడు. ముక్కలు వచ్చాయి. శరభాంకుడు రెండు రాజుల్ని ఏరి ఎదురుగా పెట్టుకున్నాడు. శూరకర్ణుడు తన రెండు ముక్కలూ అరచేతి చాటున చూసుకున్నాడు. ఆయన మీసం ఒక పక్కకు లేచింది. పందిరి పరవకముందే, ఎవరూ అడక్కుండానే, నెత్తినున్న నీలధార కిరీటం తీసి ముక్కల మధ్య పెట్టాడు.

"పిల్లకి సరి ఇది," అన్నాడు.

గెలిస్తే అక్కకు కిరీటం. ఓడితే తనకు గడప దాటే స్వేచ్ఛ, బాబాయికి ఈ గద్దె చెర. ముసుగు ఉన్నందుకు శరభాంకుడు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, ఎందుకంటే దాని వెనక మొహమంతా నవ్వు పరుచుకుని ఉంది. తాపీగా చెయ్యి చాచి, పందిరి మొదటి ముక్క తిప్పాడు.